అంపైరు ఒంటి మీద అందరి కళ్ళద్దాలు

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఆదివారం పూట ఆ పార్కుకి వెళ్ళినవాడికి ముందు కంటపడేది బంతీ కాదు, బ్యాటూ కాదు. వీరభద్రం. బెల్టుకి రెండు టోపీలు వేలాడుతుంటాయి. తెల్ల అంపైరు కోటు గుండీల సందున రెండు జతల చలవ కళ్ళద్దాలు, జేబులో ఇంకో జత, నడుముకి ఎవడిదో స్వెట్టరు. బౌలింగ్‌కి వచ్చినవాడు తన సామానంతా అంపైరుకి అప్పజెప్పి పోవడం క్రికెట్లో ఆచారం. ఈ కుర్రాళ్ళు ఆచారాన్ని ఇంకాస్త సాగదీసి, ఫోన్లూ కారు తాళాలూ కూడా ఆయనకే తగిలిస్తారు. దండెం మీద బట్టలైనా కాస్త పద్ధతిగా ఉంటాయి.

ఇంతమంది కళ్ళద్దాలు మోసే మనిషి కళ్ళ మీద మాత్రం ఏమీ ఉండదు. నెత్తిన ఆముదం, నుదుట విభూతి, నార్త్ కరోలినా ఎండకి ఎదురుగా రెండు ఉత్త కళ్ళు. సొంత కళ్ళ విషయంలో ఆయన మూర్ఖుడు. దాచిపెట్టి చెప్పడం ఎందుకు.

వీరభద్రం వినుకొండ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రోళ్ళు పగిలే ఎండలంటారే, ఆ ఎండల్లోనే ఆయన ఉద్యోగమంతా నడిచింది. ఫ్యాను కింద కూర్చుని పాఠం చెప్పే మాస్టార్లంటే లోలోపల చిన్నచూపు. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడి, చెంబుతో నీళ్ళు వదులుతూ, రెప్ప వాల్చకుండా ఆ బింబాన్ని చూడటం చిన్నప్పటి నుంచీ అలవాటు. అలా చూస్తే చూపుకి బలమని వాళ్ళ తాత చెప్పాడు. తాతకి చివర్లో ఏమీ కనపడేది కాదు. ఆ సంగతీ దీనికీ ముడిపెట్టాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

రెండువేల ఏడులో గ్రీన్‌కార్డు మీద కూతురు అలేఖ్య ఇంటికి వచ్చి పడ్డారు మొగుడూ పెళ్ళాలిద్దరూ. కూతురూ అల్లుడూ పొద్దున్నే చెరో కారులో పోతే సాయంత్రం దాకా ఆ ఇంట్లో వీరభద్రం, ఆయన భార్య అనంతలక్ష్మి, డిష్ వాషరు. అనంతలక్ష్మి వారం తిరిగేలోగా పక్క వీధిలో గుజరాతీ ఆవిడతో స్నేహం కట్టి, సైగలతోనే ఆవకాయ పట్టడం నేర్పేసింది. వీరభద్రానికి ఆ విద్య రాదు. నడకకి పోయేవాడు. నడిచినంత దూరం పచ్చిక, పచ్చిక మీద ఎవడూ ఉండడు.

అలా నడుస్తూ నడుస్తూ ఒక ఆదివారం ఆ పార్కు దగ్గరికి చేరాడు. లోపల మన కుర్రాళ్ళు ఎల్బీ దగ్గర కొట్టుకు చస్తున్నారు. బ్యాటు పట్టుకున్నవాడు క్రీజు వదలడు, మిగతావాళ్ళు వాణ్ణి వదలరు. వీరభద్రం కంచె అవతల నుంచే వేలెత్తాడు.

"అవుట్. నడు."

"ఎవరండీ మీరు?" అన్నాడు బ్యాటు పట్టుకున్నవాడు.

"ఎవడైతే నీకేం? కాలు స్టంపులకి అడ్డం ఉందా లేదా, అది చెప్పు."

వాడి పేరు ఉదయ్. సాఫ్ట్‌వేర్‌లో ఏం చేస్తాడో గాని వాదించడంలో మాత్రం ప్లీడరు. చాలాసేపు వాదించి, చివరికి బ్యాటు ఈడ్చుకుంటూ పోయాడు. మరుసటి ఆదివారం ఎదుటి జట్టు కెప్టెన్ వేణుమాధవ్ కారు తీసుకుని నేరుగా ఇంటికే వచ్చాడు. "మాస్టారూ, మీరు రావాలి. మా అంతట మేం ఆడుకుంటే మ్యాచ్ కంటే పంచాయితీలే ఎక్కువైపోతున్నాయి."

అప్పటి నుంచి వీరభద్రానికి అమెరికా నచ్చింది. కారణం ఉంది. ఈ దేశంలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. కూరేం వండాలో అనంతలక్ష్మిని అడుగుతారు, మనవడి స్కూలు సంగతి అల్లుణ్ణి అడుగుతారు. ఆయన్ని అడిగేది ఒక్కచోటే. పదకొండు మంది చేతులెత్తి, గొంతులు చించుకుని అడుగుతారు. ఆయన చెప్పేదాకా ఆట ఆగుతుంది. చెప్పాక ఉదయ్ వాదిస్తాడు. వాదన అయ్యాక అందరూ కలిసి, అనంతలక్ష్మి పంపిన పులిహోర తింటారు. వారమంతా ఆ ఒక్కరోజు కోసమే బతికేవాడు.

కుడికంట్లో నలక పడ్డట్టు గరగరలాడటం ఎప్పుడో మొదలైంది. ఆట నుంచి ఇంటికొచ్చేసరికి కన్ను చింతనిప్పు. ఊళ్ళోనైతే నందివర్ధనం పూలు తెంపి రెప్పల మీద వేసేది అనంతలక్ష్మి. ఇక్కడ ఫ్రిజ్‌లో కీరదోసకాయ ఉంది, దాన్నే చక్రాలుగా కోసి వేసేది. చల్లగా ఉండేది. చల్లగా ఉంటే తగ్గినట్టే అనుకున్నాడు.

ముక్కువైపు తెల్లగుడ్డు మీద ఎర్రటి పొర ఒకటి, రెక్కలాగా, నల్లగుడ్డు వైపు పాకుతోంది. అద్దంలో అది ఆయనకీ కనపడుతూనే ఉంది.

"నాన్నా, కనీసం ఎండలో నిలబడేటప్పుడైనా సన్‌గ్లాసెస్ పెట్టుకో," అంది అలేఖ్య. ఆ మాట ఆ పిల్ల అనని వారం లేదు.

"నల్లద్దాలు పెట్టుకునేది ఎవరే? శుక్లాల ఆపరేషన్ అయినవాడూ, సినిమా రౌడీనూ. నేనెవర్ని?"

"అంపైర్లు టీవీలో పెట్టుకుంటున్నారుగా."

"వాళ్ళకి వెనక పది కెమెరాలున్నాయి. నాకు ఉన్నవి ఇవే రెండు. నేనెటు చూస్తున్నానో ఆడేవాడికి కనపడాలి అమ్మడూ. కళ్ళు దాచుకున్నవాడి తీర్పు ఎవడు నమ్ముతాడు?"

అనంతలక్ష్మి వంటింట్లోంచి అంది, "మీ నాన్నకి చెప్పడం కంటే ఆ గోడకి చెప్పు. గోడైతే మధ్యలో అడ్డు రాదు."

ఆ పార్కులో ఒక తిరకాసు ఉంది. బేస్‌బాల్ వాళ్ళ స్థలం పోగా మిగిలిన ముక్కలో పిచ్ వెయ్యాల్సి వచ్చి, తూర్పు పడమరలుగా వేశారు. ఉన్నది ఒక్క అంపైరు కాబట్టి బౌలింగ్ అంతా తూర్పు వైపు నుంచే. అంటే సాయంత్రం అయ్యేకొద్దీ సూర్యుడు కిందికి దిగి, సరిగ్గా బ్యాట్స్‌మన్ నెత్తి మీద కూర్చుంటాడు. వీరభద్రం చూడాల్సింది ఆ వెలుతురులోకే.

రెండువేల పదకొండు సెప్టెంబరు. వాళ్ళ లీగ్ సెమీఫైనల్ చివరి ఓవర్లు. ఉదయ్ బాగా ఆడుతున్నాడు, నిలబడితే గెలుస్తారు. బంతి బ్యాటు అంచుకి తగిలింది. ఆ చప్పుడు వీరభద్రానికి వినపడింది. తర్వాత ఏం జరిగిందో మాత్రం వెలుగులో కరిగిపోయింది. ఎదురుగా తెల్లటి మంట, మంట చుట్టూ ముళ్ళు, ఆ మంటలో ఒకటికి రెండు బంతులు. కీపరు నేల మీది నుంచి లేచి చెయ్యెత్తాడు. జట్టంతా అరిచింది. వీరభద్రం వేలు లేచింది.

బంతి కీపరు చేతికి అందేముందే నేలని తాకింది. అది కీపరుకి తెలుసు. పక్కనున్నవాళ్ళకీ తెలుసు. బౌండరీ దగ్గర మడత కుర్చీలో కూర్చున్న అనంతలక్ష్మికి కూడా తెలుసు, ఆవిడకి క్రికెట్లో ఓనమాలు రావు.

ఉదయ్ ఆయన వంక చూశాడు. వీరభద్రం వాదనకి సిద్ధంగా నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఉదయ్ ఏమీ అనలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆట అయ్యాక, కారు పక్కన స్వెట్టర్లు అప్పజెబుతుంటే అవతల నుంచి మాటలు వినపడ్డాయి.

"నువ్వెందుకు ఊరుకున్నావురా? వన్ బౌన్స్ అది."

"పోనీలేరా. పెద్దాయన. పాపం, కనపడట్లేదు." ఉదయ్ గొంతే.

వాడు బూతులు తిట్టినా ఆయనకి అంత నొప్పి ఉండేది కాదు. ఇన్నేళ్ళలో ఉదయ్ ఒక్క తీర్పునీ పోనీ అనలేదు. వాదించడం మానేశారంటే నమ్మడం మానేసినట్టే. ఇక ఆయన అక్కడ నిలబడేది అంపైరుగా కాదు, దండెంగా.

ఆ వారమే ఆడవాళ్ళకి చెప్పకుండా అల్లుడితో సంతలాంటి ఫ్లీ మార్కెట్‌కి పోయి, ఉన్నవాటిల్లో అన్నిటికంటే నల్లటి అద్దాలు ఏరి తెచ్చుకున్నాడు. ఎంత నల్లగా ఉంటే ఎండ అంత ఆగుతుందని ఆయన లెక్క. గొడుగు గుడ్డ కొనేవాడి లెక్క. అవి పెట్టుకుని పెరట్లో బంతి పైకి ఎగరేసి పట్టబోయాడు. బంతి ముక్కు మీద పడింది. రెండురోజులు పొద్దస్తమానం పెట్టుకున్నా కళ్ళ మంటలు తగ్గలేదు సరికదా పెరిగాయి.

"లక్ష్మీ, ఆ అంపైరు కోటు మడతేసి లోపల పెట్టెయ్యి," అన్నాడు భార్యతో.

ఆవిడ ఎందుకని అడగలేదు. మడత మాత్రం పెట్టలేదు. కోటు తీసుకెళ్ళి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది.

తర్వాతి ఆదివారం పోలేదు. ఆపై ఆదివారం కూడా పోలేదు. అప్పుడు వేణుమాధవ్ వచ్చాడు. వెంట భార్య స్మృతి. ఆ పిల్ల న్యూజెర్సీలో పిస్కాటవేలో పుట్టి పెరిగింది, ఇక్కడ కళ్ళ డాక్టరు. తెలుగు మాట్లాడుతుంది, మాటల చివర్లు మాత్రం కాస్త అమెరికాలోనే ఉండిపోతాయి.

"ఆదివారం రాలేదేం మాస్టారూ?"

"నడుం పట్టేసింది."

"నడుం పడితే ఇంట్లో నల్లద్దాలెందుకు?"

వీరభద్రం అద్దాలు ముక్కు మీదికి తోసుకున్నాడు. "ఆ రోజు ఉదయ్‌కి తప్పు ఇచ్చాను గదరా?"

"ఇచ్చారు."

"మరి మీ నోళ్ళేమయ్యాయి?"

వేణుమాధవ్ గోడ మీది క్యాలెండరు చూడసాగాడు. స్మృతి మాత్రం ఆయన ఎదురుగా కార్పెట్ మీద కూర్చుంది.

"అంకుల్, ఆ గ్లాసెస్ ఒకసారి తియ్యండి." తీశాడు. ఆ పిల్ల దగ్గరికి వచ్చి చూసింది, మొహంలో నవ్వు పోయింది. "రేపు మా క్లినిక్‌కి రండి. ఆంటీ, మీరు తీసుకురండి. ఆయన మీద వదలద్దు."

"నువ్వు నిశ్చింతగా ఉండమ్మా, తాడు కట్టి తెస్తాను," అంది అనంతలక్ష్మి.

క్లినిక్‌లో గడ్డం ఒక యంత్రానికి ఆనించి, కంట్లోకి వెలుగు వేసి, స్మృతి ఫోటో తీసింది. తెర మీద వీరభద్రం కన్ను విస్తరాకంత కనపడింది. ఎర్రటి నరాలతో మాంసపు ముక్కలాంటిది నల్లగుడ్డు అంచు దాటి లోపలికి వచ్చి కూర్చుంది.

"ఇదేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "మావైపు కంట్లో కండ పెరిగిందంటారు."

"యా, కండ. చాలా ఇయర్స్ సన్‌లో, డస్ట్‌లో ఉంటే వస్తుంది. అది మీ కంటిని పుల్ చేస్తోంది. అందుకే లైట్ అంతా స్ప్రెడ్ అయి, ఒకటి రెండుగా కనిపిస్తోంది. ఇంకా మిడిల్‌కి రాలేదు. రాకముందే సర్జరీ చేస్తే ఓకే. లేట్ చేస్తే మచ్చ ఉండిపోతుంది, ఆ చూపు పూర్తిగా తిరిగి రాదు. లెన్స్‌లో క్యాటరాక్ట్ కూడా స్టార్ట్ అయింది, అది ఇప్పుడే తొందరలేదు."

వీరభద్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "సర్జరీ అయ్యాక అంపైరింగ్ చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. కానీ గ్లాసెస్, పెద్ద హ్యాట్. ఎవ్రీ డే. క్లౌడ్స్ ఉన్నా సరే. పెట్టుకోకపోతే మళ్ళీ పెరుగుతుంది అంకుల్, నేను ఊరికే చెప్పట్లేదు."

ఆయన జేబులోంచి ఫ్లీ మార్కెట్ అద్దాలు తీశాడు. "ఇవి ఉన్నాయిగా. వీటికంటే నల్లటివి దొరకవు."

స్మృతి వాటిని బల్ల మీదున్న చిన్న యంత్రంలో పెట్టి, అంకె చూసి తల అడ్డంగా ఊపింది. "ఇవి జస్ట్ డార్క్. యూవీని ఆపట్లేదు. యూవీ అంటే సన్‌లో మనకి కనపడని పార్ట్, డ్యామేజ్ చేసేది అదే. డార్క్‌గా ఉంటే మీ కంటిపాప ఇంకా పెద్దగా ఓపెన్ అవుతుంది. ఆ యూవీ ఇంకా లోపలికి వెళ్తుంది."

"దీపం ఆర్పి దొంగకి తలుపు తీసినట్టన్నమాట," అంది అనంతలక్ష్మి.

"ఎగ్జాక్ట్లీ ఆంటీ. కలర్ ఇంపార్టెంట్ కాదు. యూవీ హండ్రెడ్ పర్సెంట్ ఆపాలి, సైడ్స్ కవర్ అవ్వాలి. ఇంకోటి అంకుల్, సన్‌ని డైరెక్ట్‌గా చూస్తారా ఎప్పుడైనా?"

భార్యాభర్తలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దుటి చెంబు సంగతి అనంతలక్ష్మే చెప్పింది.

"దండం పెట్టండి, చూడద్దు. అది లోపల రెటీనాని బర్న్ చేస్తుంది. మీకు ఇంకా అవ్వలేదు, లక్కీ."

"సూర్యుడికి దండం పెడుతూ నేల చూడమంటావా?" వీరభద్రానికి రోషం వచ్చింది.

"గుళ్ళో దేవుడి ముందు మీరు చేసేదేంటి?" అంది అనంతలక్ష్మి. "అంత దూరం పోయి, లైన్లో నిలబడి, తీరా తెర తీసేసరికి కళ్ళు మూసుకుని దండం పెడతారు. ఆ మర్యాద ఆయనకీ చెయ్యండి."



ఇన్సూరెన్స్ గొడవలన్నీ అలేఖ్య చూసుకుంది. చలికాలంలో, ఆటలు లేనప్పుడు, స్మృతి చెప్పిన సర్జన్ దగ్గర ఆపరేషన్ అయింది. కుడికంటికి కట్టు. అనంతలక్ష్మి వేళకి చుక్కల మందు వేసేది. స్మృతి క్లినిక్ నుంచి ఇంటికి పోతూ రోజు విడిచి రోజు వచ్చి చూసేది. ఎవరు పంపారనీ కాదు, ఏమిస్తారనీ కాదు. వచ్చి, చూసి, గోంగూర పచ్చడితో రెండు ముద్దలు తిని, కారం కారం అని నీళ్ళు తాగి పోయేది. ఆ పిల్ల పోయాక వీరభద్రం తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు. "నా బళ్ళో చదివిన పిల్లయినా కాదు. మన ఊరు పేరు కూడా తెలీదు దానికి," అనేవాడు.

కొన్ని వారాలకి కన్ను తేరుకుంది. ఒక పొద్దున కాఫీ ఇస్తున్న భార్య మొహం వంక తేరిపార చూశాడు.

"నీకు ఇన్ని ముడతలెప్పుడొచ్చాయే?"

"మీరు గ్రౌండ్‌లో ఉన్నప్పుడు."

గట్టిగా నవ్వాడు. కనపడినందుకు నవ్వాడు. ఆ ముడతలతో సహా ఆ మొహం అంత స్పష్టంగా చూసి ఎన్నేళ్ళయిందో. ఆ పూట ఇంటి వెనక చెక్కల డెక్ మీద నిలబడి చెంబుతో నీళ్ళు వదిలేటప్పుడు చూపు పాదాల మీదే ఉంచాడు. వీపు మీదికీ భుజాల మీదికీ వెచ్చదనం పాకింది. చూడకపోయినా సూర్యుడు వచ్చాడని తెలుస్తూనే ఉంది. ఇంతకాలం ఎదురు నిలబడి గుడ్లురిమినా, రెండు కళ్ళూ మిగిల్చి వెళ్ళాడు మహానుభావుడు. దండం గట్టిగానే పెట్టాడు.

రెండువేల పన్నెండు ఏప్రిల్‌లో మళ్ళీ ఆట మొదలైంది. అనంతలక్ష్మి కొక్కేనికున్న కోటు తీసి ఇచ్చింది. స్మృతి ఇచ్చిన అద్దాలు లేత గోధుమ రంగువి, కణతల దాకా చుట్టుకుని ఉన్నాయి. దగ్గరికొస్తే లోపల కళ్ళు కనపడతాయి. పైన వెడల్పాటి అంచున్న టోపీ. అద్దంలో చూసుకుంటే డ్రిల్లు మాస్టారులా లేడు, చేపలు పట్టేవాడిలా ఉన్నాడు.

ఆ రోజు కుర్రాళ్ళందరూ ఎంత మర్యాదగా ఉన్నారంటే ఆయనకి ఒళ్ళు మండింది. వైడ్ ఇస్తే థాంక్యూ అంకుల్. నోబాల్ ఇస్తే ఓకే అంకుల్. ఒక్క వెధవా మొహం చిట్లించడు. కన్ను బాగైంది, గ్రౌండ్ చివర పైన్ చెట్ల ఆకులు సూదులు సూదులుగా కనపడుతున్నాయి. ఏం లాభం? వీళ్ళ మనసులో ఆయన ఇంకా పాపం పెద్దాయనే. ఇలాగైతే వచ్చే వారం నుంచి రాకూడదని లోపల గట్టిగా అనుకున్నాడు.

సాయంత్రమైంది. సూర్యుడు వచ్చి తన పాత చోట, బ్యాట్స్‌మన్ నెత్తి మీద కూర్చున్నాడు. అయితే ఈసారి మంట లేదు, ముళ్ళు లేవు. చిక్కగా కాచిన పాల మీద మీగడ కట్టినట్టు వెలుతురు కుదురుగా ఉంది. ఎదురుగా ఉదయ్. వేణుమాధవ్ వేసిన బంతి పడి, లోపలికి తిరిగి, ప్యాడ్‌కి తగిలింది. అందరూ అరిచారు, అరిచినట్టు అరిచి ఆపేశారు. వీరభద్రం వేలెత్తాడు.

ఉదయ్ చూశాడు. బ్యాటు చంకలో పెట్టాడు. తల వంచుకుని నడిచాడు. మళ్ళీ అదే అనుకున్నాడు వీరభద్రం.

నాలుగడుగులు వేసి ఉదయ్ ఆగాడు. గిరుక్కున తిరిగి, పిచ్ పొడుగునా నడిచొచ్చి, ఆయన మొహంలో మొహం పెట్టాడు.

"అంకుల్, అది బ్యాట్‌కి తగిలింది. సౌండ్ రాలేదా మీకు?"

"వచ్చింది. ముందు ప్యాడ్, తర్వాత బ్యాటు."

"చాన్సే లేదు. ముందు బ్యాటే."

"ముందు ఎడమ ప్యాడ్‌కి తగిలింది. మోకాలి చిప్ప కింద. ఆ దెబ్బకి నీ రెండో పట్టీ ఊడింది, చూసుకో."

ఉదయ్ కిందికి చూశాడు. పట్టీ ఊడి వేలాడుతోంది. ఎవడో కిసుక్కుమన్నాడు. అయినా వాడు ఉదయ్.

"ఆ కళ్ళద్దాలు తీసి చెప్పండి అంకుల్ ఆ మాట."

"తీస్తే నాకు కనపడదురా. కనపడాలనే పెట్టుకున్నా. నడు."

"ఇది అన్యాయం. నేను లీగ్‌కి మెయిల్ పెడతా."

"పెట్టు. మంచి ఇంగ్లీషులో పెట్టు."

జట్టంతా పగలబడి నవ్వింది. ఉదయ్ బ్యాటుతో పచ్చికని కొట్టుకుంటూ, ఏదో తిట్టుకుంటూ పోతున్నాడు. ఆ తిట్లలో ఒకటి రెండు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. వీరభద్రం ఒక్క మాట వదలకుండా విన్నాడు.

కొత్త బౌలరు వచ్చి అలవాటు చొప్పున టోపీ, కళ్ళద్దాలు ఆయన చేతికివ్వబోయాడు. వీరభద్రం టోపీ తీసుకున్నాడు. అద్దాలు మళ్ళీ వాడి ముక్కు మీదే పెట్టాడు.

"ఇవి నేను మొయ్యను. పెట్టుకునే వెయ్యి."

బౌండరీ దగ్గర మడత కుర్చీలోంచి అనంతలక్ష్మి కేకేసింది, "ఏమైందండీ, ఆ పిల్లాడు అట్లా తిడుతూ పోతున్నాడు?"

"విన్నావా?" అన్నాడు వీరభద్రం, మొహం చాటంత చేసుకుని. "నీకూ వినపడ్డాయా?"